అప్‌డేట్: ఆర్కే బీచ్ నీళ్ళ మీద పూసలు ఎందుకు గుంపు కట్టాయంటే

డిస్టిల్డ్ వాటర్ మీద ఎడంగా నిలిచే 3 మైక్రాన్ల పాలీస్టైరీన్ (ఒక రకం ప్లాస్టిక్) పూసలు, ఆర్కే బీచ్ నుంచి తెచ్చి వడకట్టిన నీళ్ళ మీద ఎందుకు ముద్దకడుతున్నాయని అడిగాను కదా. తలతన్యత తేడా అన్నారు కొందరు. సముద్రపు నీటికి అది 1 శాతమే ఎక్కువ, దానితో ఇంత మార్పు రాదు. ఛార్జ్ సంగతి చూడమన్నవాళ్ళదే కరెక్ట్.

డిస్టిల్డ్ వాటర్‌లోనే కొంచెం కొంచెంగా ఉప్పు కలుపుతూ మైక్రోస్కోపులో చూశాను. మొదట త్రిభుజాల అల్లికలా చక్కగా సర్దుకుని ఉన్నాయి. 1980లో భౌతిక శాస్త్రవేత్త పియెరాన్స్కీ చూపించిన అమరిక ఇదే. ఉప్పు పెరిగేకొద్దీ జంటలయ్యాయి, తర్వాత గొలుసులు, చివరికి ముద్దలు. జంట కట్టేముందు రెండు పూసలు కాసేపు వణుకుతూ తచ్చాడడం చూడాల్సిందే!

పూస నీటిలో మునిగిన భాగానికి రుణావేశం ఉంటుంది, దాని చుట్టూ ధన అయాన్ల పొర. పైభాగం గాలిలో ఉంటుంది కాబట్టి ఆ పొర కిందివైపే. దాంతో ప్రతి పూసా నిలువు డైపోల్ (ఒక కొస ధన, మరో కొస రుణ ఆవేశం ఉన్న జంట) అయి పక్కదాన్ని నెడుతుంది. ఆ పొర మందం శుద్ధమైన నీటిలో దాదాపు 1 మైక్రాన్, సముద్రపు నీటిలో అర నానోమీటరు కూడా ఉండదు. ఉప్పుతో పొర అలా పలచబడి నెట్టే బలం తగ్గగానే ఆకర్షణదే పైచేయి.

తర్వాత నూనె-నీరు మధ్య చూస్తాను. ఎవరైనా చేసుంటే ఏ నూనె వాడారో చెప్పండి.