గూస్‌కి బహువచనం గీస్ అయితే మంగూస్‌కి మంగీస్ ఎందుకు కాదు?

పొద్దున ఇక్కడ ఒకరు అడిగారు కదా, దానికే ఈ పోస్టు.

గూస్-గీస్, టూత్-టీత్, ఫుట్-ఫీట్, ఇవన్నీ పాతకాలం మాటలు. ఇంగ్లీషు వేరే భాషగా విడిపోకముందు వీటి బహువచన ప్రత్యయంలో ఒక ఇకారం ఉండేది, అది తనకి ముందున్న, అప్పట్లో ఓకారంగా పలికే అచ్చుని లాగి ఏకారం చేసేసింది, ఆ తర్వాత ప్రత్యయం రాలిపోయి మారిన అచ్చు ఒక్కటే మిగిలింది. వింతేం కాదు, మనం రోజూ చేసే పనే. పిల్లికి లు చేరిస్తే పిల్లిలు అంటామా? పిల్లులు అంటాం. కత్తి కత్తులు, పులి పులులు. లులో ఉన్న ఉకారం ముందున్న ఇకారాన్ని కూడా ఉకారం చేసేసింది. ఎప్పుడో ఆ లు అరిగిపోయి ఒక పిల్లి, రెండు పిల్లు అని మిగిలితే అచ్చం ఫుట్-ఫీట్ కథే.

ఇక మంగూస్ మన దేశం నుంచి వెళ్ళిన మాట, మరాఠీలో ముంగూస్, మనకి ముంగిస. గూస్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు, చివర ప్రాస కలిసిందంతే. అందుకే మంగూసెస్. అలాగే ప్రాస కలిసే మూస్ (పెద్ద దుప్పిలాంటి జంతువు) ఉత్తర అమెరికా ఆదివాసుల మాట, దానికి బహువచనం కూడా మూసే.

— బావుందండీ, మరి మావాడు చిల్డ్రన్స్ అని రాస్తే టీచర్ తప్పని కొట్టేసింది, వాడు రాసిందీ రైటేనంటారా?

— పిల్లల యొక్క అనే అర్థంలో తప్ప ఇంగ్లీషులో తప్పేనండి. కానీ పాపం వాడి తప్పుకి పాత తోడుంది. ఒకప్పుడు చిల్డర్ అంటేనే పిల్లలు, అది చాలదన్నట్టు మీద ఆక్సెన్‌లో (ఎద్దులు) ఉన్న బహువచనం ఎన్ కూడా తగిలించారు, అంటే చిల్డ్రన్‌లో ముందే రెండు బహువచనాలున్నాయి.

— అయితే మా ఇంట్లో షూసులు, చిప్సులు అనడం కూడా ఓకేనా 😀

— నా మటుకు ఓకే. చెవికి షూస్ అనే ముక్క మొత్తం ఒకే మాటగా చేరింది, లు తగిలించాం. ఇంగ్లీషువాళ్ళు దీనికి రివర్స్‌లో వెళ్ళారు, ఫ్రెంచి చెరీజ్‌లో చివరి ధ్వని బహువచనం అనుకుని కోసేసి చెర్రీ చేసుకున్నారు, పీజ్ (బఠాణీ) అనే ఏకవచనాన్నీ అలాగే నరికి పీ చేశారు. నాకు ఒళ్ళు మండేది వేరే, తెలుగు వార్తల్లో 'ఫార్మర్స్‌కి లోన్స్' అని రాయడం. లోన్లు అంటే ఏం పోయింది?