మైనస్ 20 డిగ్రీల చలిలో ఆరు వారాలు నిలిచి ఉండే కారు బ్యాటరీని కాపాడుకోవడం ఎలా?

నమస్కారం. కెనడాలోని కాల్గరీలో ఉన్న మా అబ్బాయి సంక్రాంతికి విజయవాడ పటమటలోని మా ఇంటికి ఆరు వారాల సెలవుపై వస్తున్నాడు. అన్నాళ్లూ వాడి కారు మైనస్ 20 డిగ్రీల చలిలో ఆరుబయటే నిలిచి ఉంటుంది. నిరుడు తిరిగి వెళ్లి తాళం తిప్పితే టిక్కు టిక్కుమన్న చప్పుడు తప్ప ఇంజను కదలలేదు. మీటరు పెడితే, నిండు ఛార్జితో 12.6 వోల్టులు ఉండవలసిన చోట 11.8 కనిపించింది. ఛార్జి దిగితే లోపలి ఆమ్లం పలచబడి గడ్డకట్టవచ్చునట! బెజవాడ ఎండకు బ్యాటరీలు పాడవడం ఎరుగుదును గానీ, ఈ చలి సంగతి నాకు కొత్త.

నెగెటివ్ తీగ విప్పితే చాలునా, లేక బ్యాటరీనే ఊడదీసి ఇంట్లో ఉంచాలా? పార్కింగులో ఇంజను హీటరు కోసం ప్లగ్గు ఉంది కనుక, దానికి ఛార్జి నిలిపే చిన్న ఛార్జరును వారాల తరబడి తగిలించి ఉంచవచ్చునా? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.