రెండు కొండలు, నడుమ సూర్యుడు: చిన్న తరగతుల్లో బొమ్మను చూపించి గీయించడం సరైనదేనా?

పలకాబలపం:
నేను కోనసీమలోని ఒక ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు తరగతులకు కలిపి పాఠాలు చెబుతున్నాను. కిందటి వారం పిల్లలను మన ఊరి బొమ్మ గీయమంటే, 22 మందిలో 17 మంది రెండు కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు, కిందికి జారే ఏరు, పక్కన ఒక గుడిసె గీసి ఇచ్చారు. మా ఊళ్లో ఎటు చూసినా కొబ్బరితోటలూ కాలువలే తప్ప కనుచూపు మేరలో కొండన్నది లేదు. ఆ కొండలను వారికి నేర్పింది మేమే. బోర్డు మీద మేము గీస్తాము, చూసి దించమంటాము, గీత దాటకుండా రంగు వేసినవారికి 'గుడ్' పెడతాము. అందుచేత ఐదో తరగతి వరకు బొమ్మను చూపించి గీయించే పద్ధతిని పూర్తిగా మానుకోవాలని నా వాదన. కాదనేవారు కారణం చెప్పగోరుతున్నాను.

తెల్లపొణికి:
ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. కొండల విషయంలో మీరు చెప్పింది నిజమే గాని, పూర్తిగా మానుకోవాలన్న మాటను ఒప్పుకోలేను. చేర్యాలలో ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూత పూసి పటాలు గీసే నకాషీల (అక్కడి చిత్రకారుల) పని గాని, శ్రీకాళహస్తిలో వెదురు కలంతో గీసే కలంకారీ గాని, పెద్దల చేతిని చూడకుండా ఎవరికైనా వచ్చిందా? స్వేచ్ఛ పేరు చెప్పి పిల్లవాడి చేతికి తెల్లకాగితం ఇచ్చి, మనం కుర్చీలో కూర్చుని రిజిస్టర్లు రాసుకుంటే అది బోధన అనిపించుకోదు. ఆరో తరగతిలో చేరిన మొదటి రోజునే "నాకు బొమ్మలు రావండీ" అని చేతులెత్తేసిన పిల్లలను ఏటా చూశాను. వారికి ఎవరూ ఏమీ చూపించలేదు.

గోదావరిగట్టు:
చూపించాలా వద్దా అన్నది సరే, చూపించేవారేరి? 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళలను పదో తరగతి వరకు అన్ని స్థాయుల్లోనూ పాఠ్యాంశంగా ఉంచమన్నది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూస్తే, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 100 మందికి మించి పిల్లలున్నచోట మాత్రమే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంటుంది. ఐదులోపు తరగతులకు ఆ ఊసే లేదు, 60 మంది పిల్లల వరకు ఉన్నది 2 ఉపాధ్యాయ పోస్టులే. ప్రైవేటు బడిలోనూ ఒరిగిందేమీ లేదు. రెండో తరగతి చదివే మా అబ్బాయికి థర్మాకోలు ఇల్లు ప్రాజెక్టుగా ఇస్తే, రాత్రి పదకొండింటి వరకు దాన్ని అతికించింది నేనూ మావారూ. వాడు నిద్రపోయాడు, 'ఎ' గ్రేడు మాత్రం వాడికే వచ్చింది.

పలకాబలపం:
గోదావరిగట్టు గారు చెప్పిన కొరత నిజమే గాని, ఉన్న ఒక్క టీచరు ఏం చేయాలన్నది అప్పటికీ మిగిలే ఉంటుంది. మాస్టారు గారి మాట మీద ఆలోచించి ఈ వారం ముగ్గుతో మొదలుపెట్టాను. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేవరకు పెట్టడం మాత్రం బోర్డు మీద చూపించి, కలపడం వారికే వదిలేశాను. మొత్తం 37 చుక్కలు అందరికీ ఒకటే అయినా ఏ ఇద్దరి ముగ్గూ ఒక్కలా రాలేదు, మగపిల్లలు కూడా గంట కొట్టేవరకు లేవలేదు. కాబట్టి నా వాదనను కొంత సవరించుకుంటున్నాను: కుంచె పట్టడం, రంగు కలపడం, మట్టి పిసకడం చూపించాలి, బొమ్మను మాత్రం చూపించకూడదు.

తెల్లపొణికి:
ముగ్గుకు చుక్కలున్నాయి, చెట్టుకు లేవు కదా! బొమ్మను చూపించవద్దంటే మానండి, వస్తువునైనా చూపించండి. అందరినీ తోటలో కొబ్బరిచెట్టు కింద కూర్చోబెట్టి, మట్ట మానును ఎక్కడ అంటిపెట్టుకుని ఉందో వేలుపెట్టి చూపించిన తరువాత గీయించండి. ఆ వేలు చూపించడమే నా దృష్టిలో డ్రాయింగ్ పాఠం.

పలకాబలపం:
నిన్న అలాగే చేశాను. మూడో తరగతి పిల్లవాడొకడు మానుకు మొదలు నుంచి చివరిదాకా ఓపికగా వలయాలు గీసి, "రాలిపోయిన మట్టల గుర్తులండీ" అన్నాడు, నేను అడగకుండానే. నలుగురు మాత్రం చెట్టును చక్కగానే గీసి, దాని వెనుక రెండు కొండలు వేశారు.