పాత ట్రక్కు కొని మంచు ప్లో వాడటం: తెలివా, తలనొప్పా?

బఫెలో_బుజ్జి:
మా ఇల్లు న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలోకి దక్షిణాన, ఆర్చర్డ్ పార్క్ దాటాక కొండల వైపు. 350 అడుగుల కంకర డ్రైవ్‌వే. మంచు తీయడానికి రెండేళ్లుగా కాంట్రాక్టర్‌ని పెట్టుకున్నాం. మనిషి మంచివాడే కానీ రాత్రి 3కి మంచు పడితే పొద్దున 10కి వస్తాడు, మా ఆవిడ నర్సు, 6 కల్లా బయల్దేరాలి. ఇప్పుడు పక్క ఊళ్లో 2003 షెవీ 2500 హెచ్‌డీ ట్రక్కు, 6.0 గ్యాస్ ఇంజిన్, 1,38,000 మైళ్లు, ఏడున్నర అడుగుల ప్లోతో (ముందు బిగించే, మంచు తోసే బ్లేడ్) సహా 5,500 డాలర్లంటున్నారు. కొననా వద్దా? మా నాన్నకి ఫోన్‌లో చెప్తే "ట్రక్కుకి నాగలేంట్రా" అని ఒకటే నవ్వు.

పార_చాలు:
వద్దు బ్రదర్. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఇరవై ఏళ్లు ఉప్పు రోడ్ల మీద తిరిగిన బండి అది. నేనూ ఇలాంటిదే కొన్నా, మొదటి మంచుకి హైడ్రాలిక్ గొట్టం పగిలింది, రెండోసారి పంపులో నీళ్లు చేరి గడ్డకట్టి బ్లేడ్ లేవలేదు, అదీ డ్రైవ్‌వే మధ్యలో, పొద్దున 5కి. ఒక మంచి స్నోబ్లోయర్ (మంచుని పక్కకి చిమ్మే మిషన్) కొనుక్కో. 2022 నవంబర్‌లో మీ ఆర్చర్డ్ పార్క్‌లోనే 80 అంగుళాలు పడ్డప్పుడు మామూలు ప్లో ట్రక్కులు చేతులెత్తేశాయి, లోడర్లతో తోడి డంప్ ట్రక్కుల్లో మోశారు.

రస్ట్_మామ:
అది ఎప్పుడో ఒకసారి వచ్చేది, దాన్ని చూపించి రోజువారీ ఆరంగుళాల మంచుకి ట్రక్కు వద్దంటే ఎలా? 350 అడుగులు స్నోబ్లోయర్‌తో, ఎరీ సరస్సు గాలి ముఖాన కొడుతుంటే, ఒక్కసారి చేసి చూడండి. పైగా టౌన్ ప్లో వచ్చి డ్రైవ్‌వే నోట్లో పెట్టిపోయే గట్టు ఉంటుందే, తడిసి బిగుసుకుపోయింది, అది స్నోబ్లోయర్‌కి అంత తేలిగ్గా లొంగదు.

బుజ్జీ, ఆ ఇంజిన్‌కి వచ్చే 4ఎల్80ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గట్టిది. నీ టెన్షన్ ఇంజిన్ గురించి కాదు, కింద ఉన్న ఇనుము గురించి. ఒక స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లి ఫ్రేమ్‌ని పొడిచి చూడు. బ్రేక్ లైన్లు తప్పకుండా చూడు. 1999-2003 జీఎం (షెవీ తయారుచేసే కంపెనీ) ట్రక్కుల బ్రేక్ లైన్ల తుప్పు మీద ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, అంటే రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, విచారణ చేసి 2015లో ముగించింది, రీకాల్ లేదు, కింద కడిగించుకోండి, లైన్లు చెక్ చేయించుకోండి అని సలహా ఇచ్చి ఊరుకుంది. అంటే ఖర్చు నీదే. మార్చాల్సి వస్తే మళ్లీ స్టీల్ వేయించకు, నికెల్-కాపర్ లైన్లు వేయించు, తుప్పు పట్టవు. గ్లవ్‌బాక్స్‌లో స్టిక్కర్ మీద వీవైయూ అనే కోడ్ ఉందా చూడు, ఉంటే కంపెనీ నుంచే ప్లో ప్యాకేజీతో వచ్చిన బండి.

తమ్ముడు_716:
ప్లో ఎత్తితే ముందు భాగం కుంగిపోతుంది కదా మామా, టోర్షన్ బార్ల (ముందు చక్రాలకి స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) బోల్టులు నాలుగు చుట్లు బిగిస్తే సరి. పైసా ఖర్చు లేదు.

రస్ట్_మామ:
అందరూ చేసే తప్పే అది. బిగిస్తే ఎత్తు పెరుగుతుంది, మోసే శక్తి పెరగదు. సీవీ జాయింట్ల (ముందు చక్రాలని తిప్పే ఇరుసు కీళ్లు) కోణం మారి తొందరగా అరుగుతాయి, బాల్ జాయింట్లకీ అదే గతి. ముందు 700-800 పౌండ్ల ప్లో వేలాడుతోంది, డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్‌లో ముందు యాక్సిల్ ఎంత మోయగలదో రాసుంటుంది, అది చదివి మాట్లాడు. కొంచెం బిగించు, టింబ్రెన్‌లు (బరువుకి ఆసరా ఇచ్చే రబ్బరు దిమ్మలు) వేయించు, వెనక యాక్సిల్‌కి అవతల ఇసుక బస్తాలు పడేయ్. రోడ్డు మీద బ్లేడ్‌ని నేరుగా పెట్టి పోకు, పక్కకి తిప్పు, లేకపోతే రేడియేటర్‌కి గాలాడదు. రివర్స్ నుంచి ముందుకి మార్చేటప్పుడు బండి పూర్తిగా ఆగాలి, గేర్‌బాక్సులు చచ్చేది అక్కడే. నీది కంకర కాబట్టి నేల గడ్డకట్టేదాకా బ్లేడ్ కిందుండే షూలు (ఇనుప పాదాలు) దించి బ్లేడ్‌ని ఒక అంగుళం పైన ఉంచు, లేదంటే వసంతంలో లాన్‌లోంచి రాళ్లు ఏరుకుంటూ కూర్చుంటావు.

బఫెలో_బుజ్జి:
పక్కిళ్లు రెండున్నాయి, తలా 40 డాలర్లు తీసుకుంటే ఖర్చు తేలిపోతుందని నా లెక్క.

క్యూలో_ఉన్నా:
అన్నా, నువ్వు హెచ్1బీ మీద ఉంటే ఆ లెక్క మర్చిపో. నీ డ్రైవ్‌వే నీ ఇష్టం, కానీ పక్కింటి మంచు తోసి 40 డాలర్లు జేబులో వేసుకుంటే అది అనుమతి లేని పని, నగదైనా అంతే. రేపు గ్రీన్‌కార్డ్ దగ్గర ఆ 40 డాలర్లకి సమాధానం చెప్పుకోవాలి. నీ మామూలు కార్ ఇన్సూరెన్స్ కూడా డబ్బులకి చేసే ప్లో పనికి సాధారణంగా వర్తించదు.

పార_చాలు:
ఇదిగో, మిగులు పోయింది, తగులు మిగిలింది.

బఫెలో_బుజ్జి:
సరే, ఆ 80 డాలర్లు లెక్కలోంచి తీసేశా. ఇవాళ వెళ్లి అట్టముక్క పరుచుకుని బండి కింద పడుకున్నా. ఫ్రేమ్ చాలాచోట్ల గట్టిగానే ఉంది, కానీ స్పేర్ టైర్ పైన అడ్డకమ్మీని పొడిస్తే అప్పడం ముక్కలా ఒక పెచ్చు ఊడి కంట్లో పడబోయింది. ఇంధనం ట్యాంక్ పైన బ్రేక్ లైన్ తడిగా నల్లగా ఉంది. ఆ పెచ్చు చేతిలో పెట్టేసరికి అమ్మేవాడు 4,200 డాలర్లకి దిగాడు. వీవైయూ ఉంది. కాంట్రాక్టర్‌కి ఈ సీజన్ డబ్బులు కూడా కట్టేశానని మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

రస్ట్_మామ:
స్టీరింగ్ బాక్స్ బిగించినచోట ఫ్రేమ్ ఫొటో పెట్టు. ప్లో బండ్లకి అక్కడ పగుళ్లొస్తాయి. అది చూసేదాకా డబ్బులివ్వకు.