సంపన్న శివారు టౌన్లలో కూడా పాఠశాల భవనాల మధ్య ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము బోస్టన్ శివార్లలో ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నాము. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉంది కనుక ఇంటికంటే ముందు హైస్కూలునే చూస్తున్నాము. వెతగ్గా వెతగ్గా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న రెండు టౌన్లు మిగిలాయి. ఇళ్ల ధరలు, కుటుంబాల ఆదాయాలు, పరీక్షల ఫలితాలు, వెబ్‌సైట్లు ఇచ్చే రేటింగులు, ఏది చూసినా ఈ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పాఠశాల భవనాలు మాత్రం ఒకే రాష్ట్రంలో ఉన్నాయంటే నమ్మలేనంత వేరుగా ఉన్నాయి.

మొదటిది ఈమధ్య కట్టినది. వెలుతురు, ప్రయోగశాలలు, గ్రంథాలయం అన్నీ చక్కగా ఉన్నాయి. రెండోది 1950ల నాటిది. అక్కడ మాకు చూపించిన సైన్స్ గదిలో పైకప్పు టైళ్ల మీద నీటి మరకలు ఒకదాని చుట్టూ ఒకటిగా పసుపు వలయాలు కట్టి ఎండిపోయి ఉన్నాయి. కిటికీ కింద గోడకు అమర్చిన వెంటిలేటర్ పెట్టె మీద, గాలి వచ్చే జాలీ పూర్తిగా మూసుకుపోయేలా, పాఠ్యపుస్తకాలను దొంతరలుగా పేర్చారు. భవనం వెనుక పోర్టబుల్ గదులు, అంటే తెచ్చి పెట్టిన తాత్కాలిక గదులు, కూడా ఉన్నాయి.

పేద ప్రాంతాల్లో భవనాలు పాడుపడటానికి కారణం ఊహించగలను. ఇంతింత ఆస్తి పన్ను కట్టే టౌన్ తన పిల్లలను ఇలాంటి గదుల్లో ఎందుకు కూర్చోబెడుతుంది? ఇది ఆ టౌన్ వారికి చదువు పట్ల శ్రద్ధ లేదనడానికి గుర్తా? భవనాన్ని బట్టి నిర్ణయం తీసుకోవడం సబబేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (మాసచూసెట్స్ నుంచి)

నేను ఇదే రాష్ట్రంలో మరో టౌన్‌లో పాఠశాల భవన కమిటీలో పనిచేశాను కనుక ఈ ప్రశ్న నాకు బాగా దగ్గరిది. మీరు చూసిన తేడాకు కారణం చాలావరకు శ్రద్ధ ఉండటమో లేకపోవడమో కాదు. భవనానికి డబ్బు వచ్చే దారి వేరు, ఉపాధ్యాయుల జీతాలకు డబ్బు వచ్చే దారి వేరు. మీరు ఏటా కట్టే ఆస్తి పన్నులో పాఠశాలలకు వెళ్లే భాగం దాదాపు అంతా జీతాలకు, రోజువారీ ఖర్చులకే సరిపోతుంది. కొత్త హైస్కూలు కట్టాలంటే టౌన్ ప్రత్యేకంగా అప్పు చేయాలి, ఆ అప్పుకు ఓటర్లు ఒప్పుకోవాలి.

ఇక్కడ 1980లో వచ్చిన ప్రపోజిషన్ రెండున్నర ప్రకారం, కొత్త నిర్మాణాల వల్ల వచ్చే అదనాన్ని మినహాయిస్తే, టౌన్ వసూలు చేసే మొత్తం ఆస్తి పన్ను ఏడాదికి రెండున్నర శాతానికి మించి పెరగడానికి వీల్లేదు. ఆ పరిమితి దాటి భవనం కోసం పన్ను వేయాలంటే డెట్ ఎక్స్‌క్లూజన్ కావాలి. అంటే ఆ అప్పు తీర్చే పన్నును పరిమితి లెక్క నుంచి మినహాయించడం. దానికి టౌన్ మీటింగ్‌లో, అంటే ఊరి ఖర్చులను నిర్ణయించే స్థానికుల సభలో, అప్పుకు మూడింట రెండు వంతుల ఆమోదం, బ్యాలెట్‌లో సాధారణ మెజారిటీ రావాలి. రెండు మెట్లలో ఏ ఒక్కదానిలో కొద్ది ఓట్లు తగ్గినా పథకం ఆగిపోతుంది. ఆగిన పథకం మళ్లీ ఓటుకు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి, ఆలోగా నిర్మాణ ఖర్చు పెరిగిపోతుంది. మీరు చూసిన రెండు టౌన్ల మధ్య తేడా పదిహేనేళ్ల క్రితం జరిగిన ఒకే ఒక్క ఓటింగ్ నుంచి వచ్చి ఉండవచ్చు.

రాష్ట్రం సహాయం చేయదా అంటే, చేస్తుంది. 2004లో ఏర్పడిన మాసచూసెట్స్ స్కూల్ బిల్డింగ్ అథారిటీకి డాలరుకు 6.25 సెంట్ల చొప్పున పడే అమ్మకపు పన్నులో ఒక సెంటు నేరుగా వెళుతుంది. అర్హమైన ఖర్చులో కనీసం 31 శాతం నుంచి గరిష్ఠంగా 80 శాతం వరకు అది తిరిగి చెల్లిస్తుంది. పేద పట్టణాలకు ఆ శాతం పెరుగుతుంది, సంపన్న టౌన్లు అట్టడుగునే ఉంటాయి, అది న్యాయమే. పైగా చదరపు అడుగుకు ఇంత అన్న పరిమితి ఉండటం వల్ల సంపన్న టౌన్‌కు చివరికి చేతికి వచ్చేది 31 శాతం కంటే కూడా తక్కువే. అది దక్కాలన్నా ముందు దరఖాస్తు పెట్టుకోవాలి, ఆపై అథారిటీ నుంచి ఆహ్వానం రావాలి. ఏటా దరఖాస్తు చేసేవారిలో కొద్దిమందికే ఆ పిలుపు వస్తుంది.

ఇంకో విషయం, చాలామంది దీన్ని పట్టించుకోరు. ఈ శివార్లు ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1950, 60 దశకాల్లో ఒక్కసారిగా పెరిగాయి. పాఠశాలలన్నీ దాదాపు ఒకే కాలంలో కట్టారు కనుక ఒకే కాలంలో ముసలివయ్యాయి. ఒక టౌన్‌కు హైస్కూలు, రెండు మిడిల్ స్కూళ్లు, నాలుగైదు ఎలిమెంటరీ స్కూళ్లు అన్నీ ఒకేసారి మరమ్మతుకు వస్తే ఏదో ఒకటి వెనకబడక తప్పదు. మీరు చూసిన రెండో టౌన్ తన డబ్బును ముందుగా చిన్నపిల్లల బడుల మీద పెట్టిందేమో చూడండి. అలా అయితే నేను వారిని తప్పుపట్టను.

ఖర్చు గురించిన భయం కూడా ఉంటుంది. న్యూటన్ నార్త్ హైస్కూలు 2010లో తెరిచేనాటికి సుమారు 19.75 కోట్ల డాలర్లయింది, అప్పటికి రాష్ట్రంలో అదే అత్యంత ఖరీదైన హైస్కూలు. ఆ చర్చ చుట్టుపక్కల టౌన్ల ఓటర్లను చాలాకాలం జంకేలా చేసింది.

జవాబు 2 (డాలస్ ఉత్తర శివారు నుంచి)

మా టెక్సస్‌లో నియమాలు వేరైనా ఫలితం ఇంచుమించు అదే. ఇక్కడ స్కూల్ టాక్స్ రెండు ముక్కలు. జీతాలు, నిర్వహణకు ఒక రేటు, బాండ్ల అప్పు తీర్చడానికి మరొక రేటు. 1993 నుంచి సంపన్న డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ పాఠశాలలను నడిపే స్థానిక సంస్థలు) మొదటి రకం పన్నులో కొంత రాష్ట్రానికి అప్పగించాలి. దీన్నే రాబిన్‌హుడ్ పద్ధతి అంటారు. బాండ్ల కోసం వేసే పన్ను మాత్రం పూర్తిగా డిస్ట్రిక్టుకే మిగులుతుంది. అందుకే భవనాల మీద పెట్టడానికి ఇక్కడి డిస్ట్రిక్టులు మొగ్గు చూపుతాయి.

అయితే కొత్త భవనాలు ఎక్కడ ఉన్నాయో అక్కడే మంచి పాలన ఉందని అనుకోవద్దు. మా శివార్లలోని ప్రాస్పర్ లాంటి చోట కొత్త ఇళ్లతో పాటు కొత్త పాఠశాలలు వస్తాయి, అది పెరుగుదల వయసు. అదే దశను ముందుగా దాటిన ప్లేనోలో పిల్లల సంఖ్య తగ్గడంతో 2024లో నాలుగు పాఠశాలల మూసివేతకు బోర్డు ఆమోదం తెలిపింది. పక్కనే ఉన్న అలెన్‌లో 2009 బాండ్ డబ్బుతో దాదాపు 6 కోట్ల డాలర్లు పెట్టి కట్టిన ఫుట్‌బాల్ స్టేడియం 2012లో తెరుచుకుంది, కాంక్రీటులో పగుళ్ల వల్ల 2014లో మూతపడింది, మరమ్మతుల తర్వాత 2015లోగానీ మళ్లీ తెరవలేదు. 2019 నుంచి ఇలాంటి స్టేడియాలను బ్యాలెట్‌లో తరగతి గదులతో కలపకుండా విడిగా అడగాలని చట్టం వచ్చింది. మీరు ఎక్కడ కొన్నా సరే, బాండ్ డబ్బు దేనికి పోయిందో చూడండి.

జవాబు 3 (బే ఏరియా నుంచి)

కాలిఫోర్నియాలో ఇంకొక మెలిక ఉంది. 2000 సంవత్సరం వరకు స్థానిక పాఠశాల బాండ్‌కు మూడింట రెండు వంతుల ఓట్లు కావలసి వచ్చేది. ఆ ఏడాది ప్రపోజిషన్ 39 దాన్ని 55 శాతానికి తగ్గించింది. 60 శాతం మంది ఒప్పుకున్నా ఓడిపోయే రోజులు అలా పోయాయి. ఒకే పరిమాణంలో డబ్బున్న డిస్ట్రిక్టుల్లో ఒకదానిలో కొత్త భవనాలు, ఇంకొకదానిలో పాత పోర్టబుళ్లు ఉండటానికి ఈ శాతాల చరిత్ర ఒక కారణం. పోర్టబుళ్లకు 1996 కూడా కారణమే. ఆ ఏడాది చిన్న తరగతుల్లో 20 మందికి మించకుండా చూసిన డిస్ట్రిక్టుకు రాష్ట్రం అదనపు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. గదులు కట్టే వ్యవధి లేక అందరూ తాత్కాలిక గదులు తెచ్చి పెట్టారు. వాటిలో చాలా ఇంకా అక్కడే ఉన్నాయి.

కుపర్టినోలో ఎలిమెంటరీ, మిడిల్ స్కూళ్లది ఒక డిస్ట్రిక్టు, హైస్కూళ్లది మరొక డిస్ట్రిక్టు. ఒకే ఇంటి పిల్లవాడు ఎనిమిదో తరగతి వరకు ఒక బోర్డు నిర్ణయాల కింద, ఆ తర్వాత మరొక బోర్డు నిర్ణయాల కింద చదువుతాడు. కనుక ఊరి పేరు చూసి భవనాలను అంచనా వేయడం కుదరదు.

నా మటుకు నాకు మంచి ఉపాధ్యాయులు ఉంటే భవనం రెండో విషయం. మా అబ్బాయి పోర్టబుల్ గదిలోనే కాల్‌క్యులస్ నేర్చుకున్నాడు.

జవాబు 4 (భవనాల గాలి, ఉష్ణోగ్రత వ్యవస్థల ఇంజనీరు)

పై జవాబులోని చివరి మాటతో ఏకీభవించలేను. ఉపాధ్యాయుల విలువను తగ్గించడం నా ఉద్దేశం కాదు, కానీ భవనంలో ఏ భాగం గురించి మాట్లాడుతున్నామన్నది చాలా ముఖ్యం. 2024లో బియాసి, లాఫార్చూన్, షోన్‌హోల్జర్ అనే ఆర్థికవేత్తలు వివిధ రాష్ట్రాల పాఠశాల బాండ్లను పరిశీలించి ఒక అధ్యయనం వెలువరించారు. గాలి, వేడి, చల్లదనం వ్యవస్థలు మార్చడం, హానికర పదార్థాలు తొలగించడం వంటి పనులు పరీక్షల మార్కులను పెంచాయి గాని ఇళ్ల ధరలను పెద్దగా కదిలించలేదు. క్రీడా సౌకర్యాల మీద ఖర్చు ఇళ్ల ధరలను పెంచింది గాని మార్కులను పెంచలేదు. అంటే ఇల్లు కొనేవారి కంటికి ఆనేది ఒకటి, పిల్లల చదువుకు పనికొచ్చేది మరొకటి.

అందుకే మీరు చెప్పిన వాటిలో నన్ను బాధపెట్టింది ఆ పుస్తకాల దొంతర. ఆ పెట్టె పేరు యూనిట్ వెంటిలేటర్. బయటి గాలిని లోపలికి తెచ్చి, వేడిచేసి గదిలోకి వదిలేది అదొక్కటే. చాలా పాత బడుల్లో దాని ఫ్యాన్ పెద్ద శబ్దం చేస్తుంది కనుక పాఠం వినపడటం కోసం ఆపేస్తారు, ఆపేశాక అది పుస్తకాల బల్ల అవుతుంది. ఇరవై ఐదు మంది కూర్చునే గదిలో బయటి గాలి రాకపోతే కార్బన్ డయాక్సైడ్ త్వరగా పెరుగుతుంది, పిల్లలు మందకొడిగా తయారవుతారు. ఇది సంపన్నులకు పట్టని సమస్యేమీ కాదు. దేశంలో సుమారు 41 శాతం డిస్ట్రిక్టులు తమ పాఠశాలల్లో కనీసం సగం చోట్ల ఈ వ్యవస్థలను మార్చడమో బాగుచేయడమో చేయాల్సి ఉందని 2020లో ఫెడరల్ ప్రభుత్వ అకౌంటబిలిటీ ఆఫీస్ నివేదించింది.

మీరు మళ్లీ వెళితే లాబీ చూడకండి. ఒక మామూలు తరగతి గదిలో, వీలైతే మధ్యాహ్నం, పది నిమిషాలు కూర్చోండి. గాలి కదులుతోందా, ఉపాధ్యాయుడి గొంతు వెనక వరుసకు వినిపిస్తోందా గమనించండి. పైకప్పు ఎప్పుడు మార్చారో అడగండి. టైళ్ల మీద వలయాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయంటే నీరు ఒకసారి కాదు, పలుమార్లు కారిందని అర్థం. 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ప్రతి పాఠశాల ఆస్‌బెస్టాస్ నిర్వహణ ప్రణాళికను ఉంచాలి, అడిగిన తల్లిదండ్రులకు చూపించాలి. దాన్ని వెంటనే తెచ్చి ఇచ్చే కార్యాలయం భవనాన్ని ఎలా చూసుకుంటోందో మీకే తెలుస్తుంది. పాతదైనా శ్రద్ధగా నడిపే భవనాన్ని, కొత్తదై నిర్వహణ డబ్బు లేని భవనం కంటే నేను నిస్సందేహంగా ఎంచుకుంటాను.

అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. తీరిక చేసుకుని ఇంత వివరంగా రాశారు. రెండో టౌన్‌లో కొత్త హైస్కూలు గురించి చర్చ జరుగుతోందని ఏజెంటు చెప్పారు. అది నిజమైతే మా అమ్మాయి చదివే కాలానికి పూర్తవుతుందా? ఆ అప్పు భారం మా పన్ను మీద ఎంతకాలం ఉంటుంది?

జవాబు 1 రాసినవారి నుంచి

"చర్చ జరుగుతోంది" అన్న మాట మీద ఆధారపడి ఇల్లు కొనకండి. అథారిటీ ఆహ్వానించాక మొదటి దశకే 270 రోజులు ఇస్తారు. తర్వాత సాధ్యాసాధ్యాల అధ్యయనం, నమూనా రూపకల్పన జరుగుతాయి. అథారిటీ బోర్డు పథకాన్ని, ఖర్చును ఆమోదించాక 120 రోజుల్లోపు టౌన్ ఓటు వేయాలి. అందులో గెలిస్తే పూర్తి డిజైను, టెండర్లు, రెండు మూడేళ్ల నిర్మాణం. ఇప్పటికింకా ఆహ్వానమే రాకపోతే ఆరో తరగతి అమ్మాయి పాత భవనంలోనే చదువు ముగిస్తుందని అనుకోవడం మంచిది. ఓటు ఇప్పటికే గెలిచి ఉంటే చివరి ఏళ్లలో కొత్త గదులు దక్కవచ్చు. కానీ చాలాచోట్ల పాత భవనంలో తరగతులు నడుస్తుండగానే పక్కనున్న ఆటస్థలంలో కొత్తది కడతారు. ఆ ఏళ్లలో మైదానాలు ఉండవు, శబ్దం ఉంటుంది.

పన్ను విషయానికి వస్తే, డెట్ ఎక్స్‌క్లూజన్ వల్ల పెరిగే భారం ఆ అప్పు తీరేవరకే ఉంటుంది, తర్వాత పోతుంది. అయితే హైస్కూలు అప్పులు తరచూ 30 ఏళ్లవి. ఓటుకు ముందు సగటు విలువ గల ఇంటికి ఏటా ఎంత పడుతుందో టౌన్ లెక్క ప్రచురిస్తుంది, దాన్ని మీ నెలవారీ లెక్కలో ఇప్పుడే కలుపుకోండి. మొదటి టౌన్ తక్కువ పన్ను అనుకోకండి, వారు కూడా తమ కొత్త భవనం అప్పు ఇంకా తీరుస్తూనే ఉండవచ్చు.

నన్ను ఎంచుకోమంటే, రెండో టౌన్‌కు ఆహ్వానం వచ్చి అధ్యయనానికి డబ్బు కేటాయించి ఉంటే, ఇల్లు నచ్చితే అక్కడే కొంటాను. అలా జరగకపోతే మీ అమ్మాయి వయసును బట్టి మొదటి టౌన్‌కే నా ఓటు. టౌన్ మీటింగ్ ఆ డబ్బు కేటాయించిందో లేదో టౌన్ క్లర్క్ కార్యాలయానికి ఫోన్ చేస్తే చెబుతారు.