నాన్నకి వాట్సాప్‌లో పోలీసుల 35(3) నోటీసు వచ్చింది, వెళ్తే లోపలేస్తారా?

గట్టుమీద_గొడవ:
మాది తెనాలి దగ్గర పల్లె, నేను హైదరాబాద్‌లో ఉంటాను. పోయిన వారం గట్టు దగ్గర పక్క చేను ఆయనకీ నాన్నకీ మాటామాటా పెరిగి తోపులాట అయింది, ఆయన మోచెయ్యి చీరుకుంది. నాన్న చేతిలో పార ఉన్న మాట నిజమే గానీ దాంతో కొట్టలేదంటున్నారు. ఎఫ్ఐఆర్‌లో బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులొచ్చిన కొత్త చట్టం) 115(2), 118(1), 351(2) అని ఉంది. నిన్న నోటీసు వాట్సాప్‌లో పంపి సోమవారం స్టేషన్‌కి రమ్మన్నారు. నాన్నకి 64 ఏళ్లు, షుగర్ ఉంది, అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. వెళ్లాలా వద్దా?

కృష్ణాతీరం:
టెన్షన్ వద్దు బ్రో. కొత్త చట్టంలో 60 దాటినవాళ్లని డీఎస్పీ పర్మిషన్ లేకుండా అరెస్ట్ చేయకూడదు.

నల్లకోటు:
పై మాట సగమే నిజం. బీఎన్‌ఎస్‌ఎస్ (అరెస్ట్, బెయిల్ లాంటివాటికి సీఆర్‌పీసీ బదులొచ్చిన కొత్త చట్టం) 35(7)లో ఆ రక్షణ మూడేళ్ల కంటే తక్కువ శిక్ష పడే నేరాలకే. మీ నాన్నగారి మీద ఉన్న 118(1)కి, అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడానికి, మూడేళ్ల దాకా పడొచ్చు, కాబట్టి అది పనికిరాదు. మీ కేసులో అసలు బరువంతా ఆ సెక్షన్‌దే, పార వల్లే పెట్టి ఉంటారు. 115(2) మామూలు దెబ్బ, ఏడాది లోపు, 351(2) బెదిరింపు, రెండేళ్ల లోపు, రెండూ బెయిలబుల్. 118(1) నాన్ బెయిలబుల్. అంటే బెయిల్ రాదని కాదండీ, స్టేషన్‌లో హక్కుగా అడగలేరు, కోర్టు ఇవ్వాలి, అంతే.

35(3) అంటే పాత సీఆర్‌పీసీలోని 41ఏ నోటీసే. అరెస్ట్ అవసరం లేదనుకున్నప్పుడు ఇచ్చేది. పిలిచినప్పుడల్లా వెళ్తుంటే, కారణాలు రాసిపెట్టకుండా అరెస్ట్ చేయకూడదు. ఎగ్గొడితేనే వాళ్లకి దారి దొరుకుతుంది. వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది, కానీ ఆ పాయింట్ పట్టుకుని ఇంట్లో కూర్చోవద్దు. కాగితం మీద ఇమ్మని అడిగి తీసుకోండి, సోమవారం లాయర్‌తో వెళ్లండి. విచారణ జరుగుతున్నంతసేపూ పక్కన కూర్చోనివ్వకపోవచ్చు గానీ మధ్యలో లాయర్‌ని కలిసే హక్కుంది. అవతలాయన వూండ్ సర్టిఫికెట్‌లో (గాయం చూసి డాక్టర్ ఇచ్చే కాగితం) ఏం రాశారన్నది ముఖ్యం, పార దెబ్బా, పడితే గీరుకున్నదా అన్నది అక్కడే తేలుతుంది. నాన్నగారికీ దెబ్బలుంటే ప్రభుత్వాసుపత్రిలో చూపించి కౌంటర్ కంప్లైంట్ ఇవ్వండి.

మిరపతోట:
మా బాబాయి కేసులో స్టేషన్ రైటర్ (రాతపని చూసే పోలీసు) తెల్లకాగితం తోసి "ఊరికే ఒక సంతకం పెట్టు పెద్దాయనా, పంపించేస్తాం" అన్నాడు. పెట్టేశాడు పాపం. అందులో ఏం రాసుకున్నారో మాకు ఇప్పటికీ తెలీదు. నోటీసు అందిందని సంతకం పెట్టొచ్చు, ఖాళీ కాగితం మీద మాత్రం చచ్చినా పెట్టొద్దు.

నల్లకోటు:
కరెక్ట్. పోలీసులకిచ్చే వాంగ్మూలం రాసుకున్నా దాని మీద చెప్పినవాళ్ల సంతకం తీసుకోకూడదని బీఎన్‌ఎస్‌ఎస్ 181లో స్పష్టంగా ఉంది. తనమీదకొచ్చే ప్రశ్నకి "చెప్పను" అనొచ్చు, రాజ్యాంగం 20(3) ఇచ్చిన హక్కది. లాయర్ ఫీజు భారమైతే 15100కి ఫోన్ చేసి లీగల్ ఎయిడ్‌కి అర్హత ఉందేమో అడగండి.

గట్టుమీద_గొడవ:
ధన్యవాదాలు సార్. ఇక్కడ రాసిందంతా అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆదివారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నా. ఊళ్లో పెద్దమనుషులు రాజీ చేసుకోమంటున్నారు, చేసుకుంటే కేసు పోతుందా?

నల్లకోటు:
115(2), 351(2) వరకు పోతాయి. 118(1) రాజీకి వీలున్న సెక్షన్ కాదు, ఇద్దరూ ఒప్పుకున్నా హైకోర్టుకి వెళ్లి కొట్టేయించుకోవాలి. ముందు సోమవారం సంగతి చూడండి, షుగర్ మాత్రలూ ప్రిస్క్రిప్షనూ జేబులో పెట్టండి.