పదకొండేళ్ల తర్వాత పాత సైటు తెరిచాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

నయీంనగర్ నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ. 2008లో డిగ్రీ చదివేటప్పుడు నయీంనగర్‌లో నెట్ సెంటర్‌లో గంటకు ఇంతని కట్టి, అక్కడే కూర్చుని సొంతంగా ఒక సైటు చేసుకున్నాను. సైటు నడిపే కోడ్ పీహెచ్‌పీ, రాతలు దాచే డేటాబేసు మైఎస్‌క్యూఎల్, రెండూ ఎవరో రాసింది చూసి, చెడగొట్టి నేర్చుకున్నవే. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ‘లేఖిని’లో టైపు చేసి కాపీ కొట్టి అతికించేవాణ్ణి. శివనగర్ మెట్లబావి, రామప్ప, ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు, హాస్టల్ గొడవలు, మధ్యలో కోడ్ గురించి... అన్నీ కలిపి 140 టపాలు (బ్లాగు రాతలు). 2014లో ఉద్యోగం, ఆ వెంటనే పెళ్లి. సైటు అక్కడే ఆగిపోయింది. డొమైన్‌కు మాత్రం ఏటా డబ్బు కడుతూనే ఉన్నాను, ఎందుకని మా ఆవిడ అడిగితే జవాబు లేదు.

మొన్న దసరాకు అటక దులుపుతుంటే బ్యాకప్ సీడీ దొరికింది. కొత్త హోస్టింగ్‌లో ఎక్కిస్తే తెల్ల పేజీ. ఫంక్షన్ల పేర్లు మార్చి ఎట్లాగో తెరిపించాను. తీరా చూస్తే తెలుగు ఒక్క అక్షరం లేదు. ఇంగ్లిషు ‘ఎ’ మీద గీటు, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ‘ఎ’, పేజీ నిండా అదే. కొన్ని టపాలు ఎడిట్‌లో తెరిచి సేవ్ కూడా చేశాను, బాగవుతాయేమోనని. కాలేదు.

ఇంకో రోగం కూడా ఉంది. ఇది తెగకపోయేసరికి కొత్త డిజైన్ మీద పడ్డాను. మూడు ఆదివారాల్లో హెడర్ (పేజీ పైభాగం) నాలుగుసార్లు మార్చాను. రాసింది సున్నా.

మానేరు గట్టు:
తమ్మీ, ముందు టెన్షన్ తగ్గించుకో. నీ టపాలు ఎక్కడికీ పోలేదు. అన్ని భాషల అక్షరాలనూ అంకెలుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, అంటే మూడు అంకెలు. మొదటి బైటు తెలుగు మొత్తానికీ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. ఆ రోజుల్లో చాలా హోస్టింగుల్లో టేబుల్ దానంతటదే ‘లాటిన్1’ అని, అంటే ఒక్కో బైటుకు ఒక్కో ఇంగ్లిషు తరహా అక్షరం అని, తయారయ్యేది. అందుకే బైటుకో అక్షరం చొప్పున చూపిస్తోంది. ఆ గీటు ‘ఎ’ మొదటి బైటు. దాని పక్కన డిగ్రీ గుర్తు కానీ ప్లస్-మైనస్ గుర్తు కానీ ఉంటుంది, కావాలంటే చూడు, అది రెండోది. ఆ జంట కనబడిందంటే లోపల తెలుగు క్షేమంగా ఉన్నట్టే.

చేయాల్సింది: డేటాబేసును లాటిన్1 అనే చెప్పి డంప్ (మొత్తం డేటా ఒకే ఫైలుగా) తీయి. అప్పుడు అది బైట్లను ముట్టుకోదు. ఆ ఫైలులో లాటిన్1 అని రాసి ఉన్న చోటల్లా యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్-8 పేరు) అని మార్చి, కొత్త డేటాబేసులోకి ఎక్కించు. కాపీ మీదే చేయి, సీడీని మళ్లీ అటకెక్కించకు.

తెల్ల పేజీ సంగతి. 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లో పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు పూర్తిగా తీసేశారు. పేర్లు మారిస్తే పేజీ తెరుచుకుంటుంది, కానీ 2008లో మనందరం రాసిన కోడ్ ఎట్లాంటిదో నాకు తెలుసు: ఫారంలో వచ్చింది వచ్చినట్టు క్వెరీలో (డేటాబేసుకు ఇచ్చే ఆదేశంలో) కలిపేయడమే. అది అట్లాగే బయట పెడితే వారంలో ఎవడో ఒకడు లోపలికి వస్తాడు. పీడీవో, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు వాడు, వాటిలో ఫారంలో వచ్చింది క్వెరీలో కలవకుండా విడిగా వెళ్తుంది. ఓపిక లేదంటే 140 టపాలనూ మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చి పెట్టేయి. డేటాబేసే లేకపోతే దొంగకు పనేముంది?

కాజీపేట జంక్షన్:
డిజైన్ రోగం గురించి నేను చెప్తా అన్నా, నాది ముదిరిపోయిన కేసు. సైటు తయారుచేసే సాఫ్ట్‌వేర్లే మారుస్తూ పోయాను. వర్డ్‌ప్రెస్ బరువని జెకిల్‌కు మారాను. జెకిల్ మెల్లగా ఉందని హ్యూగోకు. హ్యూగో టెంప్లేట్లు నచ్చక ఎలెవెంటీకి. మారిన ప్రతిసారీ ఒక టపా, దాని పేరు ‘మళ్లీ మొదలుపెట్టాను’. అట్లాంటివి మూడున్నాయి. మూడింటి మధ్యలో ఇంకేమీ లేదు. మా చెల్లె చూసి ‘నీ సైటుకు మూడు ప్రారంభోత్సవాలు, ఒక్క సంసారం లేదు’ అంది.

ఈసారి సైటు రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్ ఫైలు పేరే మార్చి వేరే ఫోల్డర్లో పడేశాను. సైటు తెల్ల కాగితంలా ఉంది. దాంట్లోనే లోకోషెడ్ గురించి మా నాన్న చెప్పిన సంగతులు నాలుగు రాశాను. అసహ్యంగానే ఉంది చూడ్డానికి, ఉండనీ.

పాలకుర్తి పంతులమ్మ:
నాకు ఇంకో ఇబ్బంది వచ్చింది, మీకూ వస్తుంది తమ్ముడూ. 2009లో రామప్ప గురించి రాసిన టపాలో ‘వరంగల్ జిల్లా పాలంపేట’ అని ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు అది భూపాలపల్లి జిల్లాలోకి పోయింది, 2019లో ములుగు జిల్లా అయింది. టపా చివర ‘ఈ గుడిని ప్రపంచం ఎప్పుడు గుర్తిస్తుందో’ అని వాపోయాను. 2021 జులైలో యునెస్కో గుర్తించనే గుర్తించింది! ముందు అన్నీ దిద్దుదామని కూర్చున్నాను. రెండు దిద్దేసరికి అది నేను రాసినట్టు లేదు. దిద్దినవి మళ్లీ పాతవే చేసి, పైన ఒక వాక్యం పెట్టాను: ఇది 2009లో రాసింది, ఇప్పుడు ఈ ఊరు ములుగు జిల్లాలో ఉంది, అని. టపా కింద తేదీ తప్పకుండా ఉంచండి. మా పిల్లలు ప్రాజెక్టుల కోసం వెతికి, కనబడింది కనబడినట్టు దించుకుంటారు.

సింగరేణి సెకండ్ షిఫ్ట్:
అక్కా, అన్నీ దాచుకోవాలని లేదు. నేను అరవై పైన తీసేశా. వేరేవాళ్లవి ఎత్తి రాసినవి కొన్ని. ఇంకొన్నిట్లో దోస్తుల ఫోన్ నంబర్లు, ఒకదాంట్లో నా హాల్‌టికెట్ ఫొటో! అప్పుడు మనకు చదివేవాళ్లు పదిమందే అని ధైర్యం. 140 కూడా ఒకసారి చదువుకుని, తర్వాతే లైవ్ చేయి బ్రో.

నయీంనగర్ నైట్‌షిఫ్ట్:
మానేరు అన్నా, డంప్ పద్ధతి పనిచేసింది! రాత్రి రెండింటికి ‘శివనగర్’ అన్న మాట తెలుగులో కనబడింది. మా ఆవిణ్ణి లేపి చూపించాను, తిట్టింది.

129 బాగయ్యాయి. 11 ఇంకా గజిబిజిగానే ఉన్నాయి. ఇంకోటి, ఫోన్‌లో చూస్తే ఒత్తులు కింది వరుస గుడుల మీదికి ఎక్కుతున్నాయి. ‘రాష్ట్రం’ అని ఉన్నచోట చదవలేకపోతున్నాను.

పాలకుర్తి పంతులమ్మ:
ఒత్తుల సంగతి నేనూ పడ్డాను. పాత సీఎస్‌ఎస్‌లో వరుస ఎత్తు ఇంగ్లిషుకు సరిపోయేలా 1.2 అని పెట్టుకుని ఉంటారు. తెలుగుకు పైన గుడి, కింద రెండు ఒత్తులు ఉంటాయి కదా, కనీసం 1.7 కావాలి. పిక్సెళ్లలో పెట్టకండి, అక్షరం పెరిగితే ఎత్తు పెరగదు. అక్షరాల మధ్య ఖాళీ పెంచే లైను ఏదైనా ఉంటే తీసేయండి. ఇక ఫాంటు. అప్పట్లో నేను ‘పోతన’ వాడేదాన్ని, మా బమ్మెర పోతన పేరు మీద ఉందని ఒక మురిపెం. ఇప్పుడు మందలి, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. ఫోన్‌లో మందలి బాగుంటుంది, నా కళ్లకైతే.

కాజీపేట జంక్షన్:
ఇంతకూ చదివేదెవరు అన్నా? అప్పుడంటే తెలుగు బ్లాగుల సైటు ‘కూడలి’ ఉండేది, పొద్దున్నే ఎవరు ఏం రాశారో ఒక్కచోట కనబడేది. బ్లాగుల కొత్త టపాలు తెచ్చి చూపే గూగుల్ రీడర్ కూడా 2013లో మూతపడింది. నాకు నెలకు ముప్పై మంది వస్తే అందులో సగం నేనే.

మానేరు గట్టు:
ఆరెస్సెస్ ఫీడ్ (కొత్త టపాలను చదివేవాళ్లకు చేరవేసే జాబితా) పెట్టు, అది ఇప్పటికీ నడుస్తోంది. నీ సైటుకు ఉంటే నేను కలుపుకుంటా, ముప్పై ఒకటవుతుంది.

నయీంనగర్ నైట్‌షిఫ్ట్:
మెట్లబావి టపా కింద 2011లో ఎవరో ఒక వ్యాఖ్య రాశారు: ‘బావిలోకి ఏ పక్క నుంచి దిగాలి? పోయినవారం వచ్చి వెతికాం, దారి దొరకలేదు.’ నేను జవాబే ఇవ్వలేదు. ఇన్నేళ్లకు ఆ మనిషి చూస్తాడని కాదు కానీ, రేపు ఆదివారం బండి మీద పోయి చూసొచ్చి దాని కిందే రాస్తాను. హెడర్ ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది.

ఆ 11 టపాల సంగతి ఎవరైనా చెప్పండి.

మానేరు గట్టు:
అవి నువ్వు తెరిచి సేవ్ చేసినవే అయ్యుంటాయి. రెండుసార్లు మారాయన్నమాట. అదే పని వాటి వరకే ఇంకోసారి చేయి. కాపీ మీద!